మేలు కొఱకు బొంకవచ్చునా?

స్వలాభమునకై బొంకువానిని నిందింపనివారు లేరు. ఆ విషయమున ధర్మశాస్త్రములకును లోకవ్యవహారమునకును భేదము కానరాదు. కాని పరుల మేలుగోరి పలికిన యసత్యము మాట యేమి? తరతరములుగా నవమానమునకు గుఱియైన యొక జాతివారి గౌరవమును నిలుపుటకై, వారి శౌర్యమును ఉన్నదానికంటె నొకింత హెచ్చుగా చెప్పినచో దోషమేమి? సంస్కరణాభిలాషులు ఈ ప్రశ్నను ప్రత్యేకముగా విచారింపవలసియున్నది. ఏలయన, దుష్టుడు తాను బొంకుచున్నట్లు తానెఱుగును; సదుద్దేశము గలవాడు తన బొంకును తానే నమ్మును.

మన యితిహాస పురాణములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ద్రోణునిచేత నాయుధములు విడిపించుటకై ధర్మరాజు అశ్వత్థామ మరణమును గూర్చి సగము నిజము పలికెను. పక్షము ధర్మపక్షమే, ఫలము విజయమే. ఐనను, అంతవఱకు నేలను తాకక నాలుగంగుళముల మీద నడచుచుండిన యాతని రథము ఆ దినమున భూమికి దిగెనని భారతము చెప్పక విడువలేదు. కొన్ని సమయములందు బొంకు పాపము కాదని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి బోధించెను. బలి యా బోధను త్రోసిపుచ్చి సర్వస్వమును గోల్పోయెను. ఈ రెండు కథలను చిన్ననాట నుండి వినుచున్న మనము బలినే పొగడుదుము. కాని యవసరము వచ్చినప్పుడు శుక్రుని పక్షమునకే జారుదుము.

ఈ విషయమును వట్టి తర్కముగా గాక, యొక నిజమైన చరిత్రమును బట్టి విచారింతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతి సైనికుల చరిత్రము, ముఖ్యముగా రెండవ ప్రపంచ సంగ్రామమున పోరాడిన టస్కీగీ వైమానికుల చరిత్రము, ఈ ప్రశ్నకు తగిన యొరగల్లు.

మొదట వారు పొందిన యవమానమెట్టిదో తెలిసికొనవలెను. 1925వ సంవత్సరమున అమెరికా సైనిక కళాశాలవారు, యుద్ధమున నల్లజాతివారిని ఉపయోగించు విధమును గూర్చి యొక నివేదికను సిద్ధపఱచిరి. నల్లవానికి ధైర్యము తక్కువ, బుద్ధి తక్కువ, బాధ్యత వహించు శక్తి తక్కువ యని యందు వ్రాసిరి. ద్వేషముతో పలికిన మాటగా గాక, శాస్త్రవిచారణ వలన తేలిన సిద్ధాంతముగా దానిని వ్రాసిరి. పామరుని ద్వేషము వీథిలో తిట్టి యూరకుండును. పండితుని ద్వేషము శాసనమై కూర్చుండును.

ఆ కాలముననే బెంజమిన్ డేవిస్ అను నల్లజాతి యువకుడు వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున చేరెను. అందు నాలుగు సంవత్సరములు తోడి విద్యార్థులలో నొక్కడును, విధినిర్వహణకు సంబంధించి తప్ప, వానితో మాటలాడలేదు. భోజనమునకు తోడు లేదు. గదికి తోడు లేదు. వెలివేతయన నేమో మన దేశమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆతడు మాఱుమాటాడక చదువు ముగించి 1936లో పట్టభద్రుడయ్యెను. విమాన దళమున చేరుదునని యర్థింపగా, నల్లవారి దళమేదియు లేదు గనుక చేర్చుకొనుటకు వీలులేదనిరి.

1941లో ఆ తలుపు కొంచెము తెఱచుకొన్నది. అలబామా రాష్ట్రములోని టస్కీగీ యను చోట నల్లజాతి వైమానికులకై ప్రత్యేక శిక్షణము నేర్పాటు చేసిరి. మొదటి తరగతిలో చేరినవారు 13 మంది. 1942 మార్చి నాటికి శిక్షణము ముగించి ఱెక్కల చిహ్నమును ధరించినవారు అయిదుగురు. వారిలో డేవిస్ ఒకడు. 1946 వఱకు అచ్చట 992 మంది పైలటులైరి. వారిలో 350 మందికి పైగా సముద్రములు దాటి యుద్ధరంగమునకు పోయిరి.

ఈ యారంభమును గూర్చియే యొక కట్టుకథ కలదు. అధ్యక్షుని భార్యయైన ఎలినార్ రూజ్వెల్టు టస్కీగీకి వచ్చి, ఛార్లెస్ ఆండర్సన్ అను నల్లజాతి శిక్షకుడు నడపు విమానమున కూర్చుండి యాకాశమున విహరించెననియు, ఆమె చెప్పగా నధ్యక్షుడు నల్లవారికి వైమానిక శిక్షణము నొసగెననియు చెప్పుదురు. ఆమె వచ్చుట నిజము, విమానమెక్కుట నిజము, ఆ ధైర్యము శ్లాఘనీయము. కాని యామె విమానమెక్కినది 1941 మార్చి చివర. సైనికశాఖవారు నల్లజాతి విమాన దళమును ప్రకటించినది ఆ సంవత్సరము జనవరిలోనే. కథ చిన్నది, ముచ్చటైనది. కాని దాని వలన నెవరికి నష్టము కలిగినదో చూడుడు. సంవత్సరముల తరబడి పత్రికలలో వ్రాసి, సభలుచేసి, శాసనసభ్యుల నిర్బంధపెట్టి తలుపు తట్టిన నల్లజాతి సంఘములవారి శ్రమ మఱుగునపడినది. హక్కుగా సాధించినది దయగా లభించినట్లైనది. కట్టుకథ యెవరిని పొగడుచున్నదో చూచిన చాలదు, ఎవరి సొమ్ము తీసి పొగడుచున్నదో కూడ చూడవలెను.

1943లో మొదటి నల్లజాతి దళము ఉత్తరాఫ్రికాలో యుద్ధమున ప్రవేశించెను. కొలది నెలలు గడువకమునుపే, వీరికి పోరుపట్టుదల చాలదని పైయధికారి యొకడు వ్రాసి పంపెను. డేవిస్ స్వయముగా రాజధానికి పోయి తన దళము పక్షమున సమాధానము చెప్పవలసి వచ్చెను. 1944 జనవరి చివర, ఇటలీలోని ఆంజియో తీరమున, రెండు దినములలో పదికి పైగా శత్రువిమానములను గూల్చి వైమానికులు తామే సమాధానము చెప్పిరి. ఆ వేసవిలో డేవిస్ నాయకత్వమున 332వ యోధవిమాన బృందము బాంబర్లకు రక్షణగా పోవు పనికి నియమింపబడెను.

ఇచ్చటనే మన కథ మొదలగుచున్నది. 1945 మార్చి 24న 'చికాగో డిఫెండర్' అను నల్లజాతివారి పత్రిక, ఈ బృందము తన రెండువందల రక్షణయాత్రలలో నొక్క బాంబరునైనను శత్రువిమానములకు గోల్పోలేదని ప్రకటించెను. ఆ మాట అది మొదలు నోటినుండి నోటికి, పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకి, ప్రభుత్వపత్రములలోనికిని చలనచిత్రములలోనికిని ఎక్కి, అఱువది యేండ్లకు పైగా సత్యముగా చెల్లెను. 'వీరొక్క బాంబరునైన పోగొట్టలేదు' అనుట బిరుదువాక్యమయ్యెను.

అది నిజము కాదు. విచిత్రమేమన, ఆ పత్రిక వెలువడిన దినముననే ఆ బృందము ఇటలీనుండి బెర్లిను వఱకు బాంబర్లతో పోయెను. ఆ దినమున రాస్కో బ్రౌన్, అర్ల్ లేన్, ఛార్లెస్ బ్రాంట్లీ యను ముగ్గురు, అంతవఱకు లోకమెఱుగని వేగము గల జర్మనుల జెట్ విమానములను ఒక్కొక్కరు ఒక్కొక్కటి చొప్పున కూల్చిరి. ఆ దినముననే వీరి రక్షణలోనున్న బాంబర్లు కొన్ని శత్రువిమానములచేత కూలినవి. అంతకుముందు, 1944 జూలై 18న మెమ్మింగెన్ యాత్రలో నొక్క దళమునకు చెందిన 15 బాంబర్లు నష్టమయ్యెను. ఆ దినముననే వీరు పదికి పైగా శత్రువిమానములను కూల్చిరి. 1944 జూన్ 9న చేసిన యాత్రకై డేవిస్‌కు బిరుదు నొసగిన పత్రములో, ఆతని నేర్పు వలన బాంబర్ల నష్టము స్వల్పమయ్యెనని యున్నదే కాని, నష్టమే లేదని లేదు. సత్యము దాచబడలేదు, బిరుదుపత్రముననే యుండెను. చదువువారు లేకపోయిరి.

2006లో ఇద్దఱు ఈ మాటను బహిరంగముగ సవరించిరి. ఒకరు డేనియల్ హాల్మన్ అను వైమానికశాఖ చరిత్రకారుడు. రెండవవారు విలియం హోలమన్. ఆయన యీ 332వ బృందముననే విమానము నడిపి యుద్ధము చేసిన వీరుడు. పిమ్మట హాల్మన్ ప్రతి దినపు నివేదికలను, కూలిన విమానముల పత్రములను, యాత్రల పట్టికలను ఒకదానితో నొకటి పోల్చి లెక్కతేల్చెను. 1944 జూన్ మొదలు 1945 ఏప్రిల్ వఱకు బాంబర్ల రక్షణకై వీరు చేసిన యాత్రలు 179. వానిలో ఏడింట మాత్రమే శత్రువిమానముల వలన నష్టము కలిగెను. నష్టమైన బాంబర్లు 27. అదే కాలమున, అదే సైన్యములోని తక్కిన యోధబృందముల రక్షణలో కూలినవి సగటున 46.

ఈ సవరణము వెలువడినప్పుడు వృద్ధవీరులలో పలువురు నొచ్చుకొనిరి. వారి బాధను తేలికగా త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. బ్రదుకంతయు నిందలు మోసినవారికి తుదకు లభించిన యొక్క పొగడ్తనైనను లెక్కలుకట్టి లాగికొనుట క్రూరముగా తోచును. తెల్లవారి వీరగాథలలోని యతిశయోక్తులను ఇంత శ్రద్ధతో నెవరు వెదకిరి? అని వారడిగినచో నది న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము, ఆ గాథలను గూడ వెదకవలెననుటయే కాని, వీరి గాథను వదలవలెననుట కాదు. ఏలయన ఈ బొంకు వారికి మేలు చేసినట్లు కనబడినను, నాలుగు విధముల కీడు చేసినదని మా యభిప్రాయము.

మొదటిది, 'అరువు సొమ్ము బరువు చేటు' అని మన యిండ్లలో పెద్దలందురు. ఎరువు తెచ్చిన హారము పెండ్లిలో మెఱయును. సొంతదారు వచ్చి యడిగిననాడు, మెడలో నున్న సొంత గొలుసును గూడ చూచువారు శంకింతురు. బాంబరు మాట యబద్ధమని తేలగానే, తక్కినదంతయు నట్టిదేనని యనుటకు ద్వేషులకు సందు దొరకెను. నిజముగా వారు కూల్చిన 112 విమానములు, సంపాదించిన పతకములు, కోల్పోయిన ప్రాణములు—వీని యన్నిటి మీదను ఒక్క బొంకు నీడ పడెను.

రెండవది, ఒక్కటియు కూలలేదనుట కూలినవారిని మఱచుట. ఒక్కొక్క పెద్ద బాంబరులో సుమారు పదిమంది యుందురు. కూలిన 27 విమానములలోని వారిలో కొందఱు మరణించిరి, కొందఱు బందీలైరి. వారికిని తల్లులు గలరు. ఒకరి గౌరవమునకై వేఱొకరి మరణమును లేదనుట యే ధర్మమున గలదు?

మూడవది మిగుల సూక్ష్మమైనది. వీరొక్క బాంబరునైన పోగొట్టలేదు గనుక గౌరవింపదగినవారని చెప్పునప్పుడు, పోగొట్టియున్నచో గౌరవింపదగరని యొప్పుకొన్నట్లే గదా? తెల్లవాడు తప్పు చేసినను మనుష్యుడే; నల్లవాడు మాత్రము దేవుడైనగాని మనుష్యుడు కాడనుట, 1925 నాటి నివేదిక నోటినుండి వచ్చిన మాటయే. సమానత్వము అసమాన ప్రజ్ఞకు బహుమానము కాదు. సామాన్యుడైన నల్లవాడు సామాన్యుడైన తెల్లవానితో సమానుడనుటయే సమానత్వము. మన దేశమునను హరిజన బాలుడు చదువున ప్రథముడైనప్పుడు మాత్రమే సభలుచేసి శాలువ కప్పి, అయిదవవాడైనప్పుడు మొగము త్రిప్పుకొనువారు ఈ దోషమునకు లోబడినవారే.

నాలుగవది, కట్టుకథ వెలుగులో నిజమైన ఘనత కానరాకపోవుట. 1945 ఏప్రిల్ నెలలో ఇండియానా రాష్ట్రములోని ఫ్రీమన్ ఫీల్డున, నల్లజాతి యధికారులకు వేఱు క్లబ్బు నేర్పఱచిన యుత్తరువు మీద చేవ్రాలు చేయుమనగా, 101 మంది నిరాకరించి నిర్బంధమునకు లోనైరి. యుద్ధకాలమున పైయధికారి యాజ్ఞను త్రోసిపుచ్చుటకు మరణదండన గూడ విధింపవచ్చునని వారెఱుగుదురు. ఆకాశమున శత్రువు నెదుర్కొనుటకు ధైర్యము చాలును. తన సైన్యముననే యన్యాయమును శాంతముగ నెదుర్కొనుటకు ధైర్యముకంటె నెక్కుడైనదేదో కావలెను. 1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యమున జాతిభేదమును తొలగింప నుత్తరువు చేయుటకు తోడ్పడిన కార్యములలో నిదియొకటి. బాంబరు కథ విన్నవారిలో నెందఱు దీనిని వినిరి?

పూర్వచరిత్రమున గూడ సత్యమే చాలియున్నది. 1863 జూలై 18న మసాచుసెట్సు 54వ పటాలపు నల్లసైనికులు సుమారు 600 మంది వాగ్నరు కోటను ముట్టడించిరి. వారిలో 270 మందికి పైగా హతులో, క్షతగాత్రులో, బందీలో యైరి. కోట చిక్కలేదు. ఆ పోరాటమున విలియం కార్నీ యను సైనికుడు గాయములతోనే పతాకమును నేల తాకనీయక వెనుకకు తెచ్చెను. ఆతనికి పతకము లభించినది 1900లో. తెల్ల సైనికునికి నెలకు 13 డాలర్లిచ్చుచు, తమకు బట్టలకర్చు పోను 7 డాలర్లే యీయజూపినందున, ఆ పటాలమువారు 1864లో న్యాయము జరుగువఱకు జీతమే ముట్టలేదు. ఇంటియొద్ద బిడ్డలు పస్తులున్నను తక్కువ కూలి పుచ్చుకొనక యుద్ధము చేసిన యీ వీరులకు ఏ కవి యతిశయోక్తి కావలెను? మొదటి ప్రపంచ సంగ్రామమున 1918 మే నెలలో ఫ్రాన్సునందు, హెన్రీ జాన్సన్ ఒక రాత్రి శత్రువుల గుంపుతో కత్తిపట్టి పోరాడి, గాయపడిన తోడివానిని రక్షించెను. ఫ్రెంచివారు వెంటనే గౌరవించిరి. ఆతడు 1929లో మరణించెను. స్వదేశపు పరమవీరపతకము 2015లో గాని రాలేదు. రెండవ సంగ్రామకాలమున ఆ పతకము నల్లజాతి సైనికులలో నొక్కనికిని ఈయలేదు. 1997లో ఏడుగురికిచ్చుసరికి సజీవుడైయున్నవాడు వెర్నన్ బేకర్ ఒక్కడే.

ఇక నింకొక తీరు కట్టుకథ కలదు. అది పీడితులు చెప్పుకొన్నది కాదు, పీడకుల పక్షమువారు పెంచినది. అమెరికా యంతర్యుద్ధమున బానిసత్వమును కాపాడుటకై పోరాడిన దక్షిణ రాష్ట్రముల సైన్యములో నల్లవారు వేలకొలది యిష్టపూర్వకముగ నాయుధములు పట్టిరనియు, కావున నా యుద్ధము బానిసత్వము కొఱకు కాదనియు కొందఱు చెప్పుదురు. ఆ రాష్ట్రముల శాసనసభ నల్లవారిని సైనికులుగా చేర్చుకొనుటకు అనుజ్ఞ యిచ్చినదే 1865 మార్చి 13న; లీ సేనాని లొంగిపోయినది ఏప్రిల్ 9న. అంతకుముందు ఆ సేనల వెంట నున్న నల్లవారు వంటలు వండుటకును, మట్టి మోయుటకును తీసికొనిపోబడిన బానిసలు. ఉత్తర సైన్యమున స్వేచ్ఛకై పోరాడిన నల్లవారో, సుమారు 1,80,000 మంది. ఈ కట్టుకథను మనమే యాయుధముతో ఖండింపగలము? తేదీలతో, పత్రములతో, లెక్కలతో గదా! మనకు ప్రియమైన కథ విషయమున ఆ త్రాసును మూలబెట్టినచో, అప్రియమైన కథ వచ్చిననాడు దానిని పైకి తీయుటకు మనకు మొగమెక్కడ? సత్యమను త్రాసు బలహీనుని యాస్తి. బలవంతునికి త్రాసు లేకున్నను గడచును.

ఈ మాట తెలుగువారికి దూరమైనది కాదు. కుంపిణీ కాలమున తెలుగు సిపాయిల పేరు ఎంత ప్రసిద్ధమైనదన, ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' యనుటయే వాడుకయయ్యెను. పిదప, 19వ శతాబ్ది చివర, రాబర్ట్సు ప్రభువు మొదలగువారు కొన్ని జాతులే యుద్ధమునకు పుట్టినవనియు, దక్షిణదేశమువారు అందులకు తగరనియు సిద్ధాంతము చేసి మద్రాసు పటాలములను తగ్గించుచు వచ్చిరి. 1925 నాటి అమెరికా నివేదికకు అది యన్నగారు. ఆ నిందకు మాఱుగా మన పూర్వులందఱు ఓటమి యెఱుగని వీరులని కొందఱు గొప్పలు చెప్పుకొందురు. నిందయెట్లు జాతినంతటిని ఒక్క కుంచెతో పూసినదో, ఈ గొప్పయు నట్లే పూయుచున్నది. రెండింటికిని మందొక్కటే: మనుష్యులను ఒక్కొక్కరినిగా చూచుట, జరిగినది జరిగినట్లు చెప్పుట.

కావున మేలు కొఱకు బొంకవచ్చునా యను ప్రశ్నకు మా సమాధానమిది. ప్రాణరక్షణమువంటి యాపద్ధర్మముల మాట వేఱు; దానినిచ్చట విచారింపలేదు. చరిత్రమున మాత్రము మేలైన బొంకు లేదు. ఉన్నట్లు కనబడునది అప్పు. దాని వడ్డీని మనకంటె వెనుక పుట్టినవారు చెల్లింపవలసియుండును. 2007 మార్చి 29న టస్కీగీ వైమానికులకు అమెరికా శాసనసభవారు స్వర్ణపతకము నొసగిరి. అప్పటికే బాంబరు కథ కదలిపోయియుండెను, పతకము కదలలేదు.

మాకు హోలమన్ గారి యాచరణము మిగుల పూజ్యముగా తోచుచున్నది. శత్రువు తనమీద వేసిన నిందను ఖండించుట యెవరైన చేయుదురు. మిత్రులు తన మెడలో వేసిన పూలదండలో నొక కాగితపు పువ్వున్నదని, ఎనుబదియేండ్లు దాటిన వయస్సున, తన చేతితోనే దానిని తీసి చూపుట కొందఱే చేయగలరు. మన యిండ్లలో బిడ్డలకు వీరుల కథలు చెప్పునప్పుడు వారి విజయములతోపాటు వారి యోటములను గూడ చెప్పుదము. వాగ్నరు కోట చిక్కలేదని చెప్పుదము; 27 బాంబర్లు కూలినవని చెప్పుదము; ఐనను వారు వీరులేయని చెప్పుదము. ఓటమి నెఱుగని వీరుని కథ విన్న బిడ్డ తన మొదటి యోటమి నాడు క్రుంగిపోవును. ఓడియు నిలిచినవారి కథ విన్న బిడ్డ మఱునాడు లేచి నిలుచును.